కళాశాల క్రీడలు – కన్నవారి బాధ్యత

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసమయమున ఆటలను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. పుస్తకము పట్టిన చేయి బంతి పట్టరాదని పూర్వులెవ్వరును శాసింపలేదు. 1914లో బెజవాడలో ప్రథమ గ్రంథాలయ మహాసభ జరిగినది మొదలు ఆ ఉద్యమము ఊరూర వ్యాపించిన కాలమున, పఠనమందిరము నెలకొల్పిన యువకులే కొన్ని గ్రామములలో వ్యాయామశాలను గూడ నెలకొల్పిరి. బుద్ధికొక ఇల్లు, దేహమునకొక ఇల్లు ఉండవలెనని వారి భావము. కావున నేటి విషయము ఈ మందిరమునకు పరాయిది కాదు.

కళాశాలలో చదువుకొను పిల్లలకు క్రీడల వలన కలుగు ప్రయోజనమెట్టిది? అది సిద్ధించుటకు తల్లిదండ్రులు చేయవలసినదేమి? ఈ ప్రశ్నలు పట్టణములలో ఒక తీరుగాను, అరకులోయలో వేరొక తీరుగాను ఉండును. పట్టణపు తండ్రి, ఆటలలో పడి కుమారుడు మార్కులు పోగొట్టుకొనునేమో యని భయపడును. కొండపల్లె తండ్రి భయము మార్కులను గూర్చినది కాదు. “నీవు పందెమునకు పోయినచో కాఫీ పండ్లు కోయువారెవరు?” అని ఆయన అడుగును. మొదటి భయమునకు సమాధానము సులభము. రెండవది న్యాయమైన ప్రశ్న. దానికి న్యాయమైన సమాధానమే చెప్పవలెను గాని, ఉపన్యాసములతో తప్పించుకొనరాదు.

సముద్రమట్టమునకు సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయలోను, చుట్టుపట్ల కొండలలోను బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, కోందు మొదలగు తెగల ప్రజలు తరతరములుగా నివసించుచున్నారు. ఇచ్చటి బిడ్డ నడక నేర్చిన నాటి నుండియే ఎక్కుటయు దిగుటయు నేర్చును. గెడ్డ నుండి నీళ్లు తెచ్చుట, పోడు భూమికి పోయి వచ్చుట, కట్టెలమోపు మోయుట, సంతకు సరకు చేర్చుట అతని నిత్యవ్యాయామములు. రోడ్డు లేని పల్లె నుండి రోగిని డోలీలో ఆసుపత్రికి మోసికొనివచ్చు యువకుల దమ్మును ఏ పందెమును ఇంతవరకు కొలిచి యెరుగదు. చైత్రమాసమున ఇటుకల పండుగకు వేటకు పోవువారి చూపు, అడుగు, ఓర్పు గాని, థింసా ఆటలో ఒకరినొకరు పట్టుకొని ఒకే లయలో చాలసేపు అడుగులు వేయు స్త్రీల ఊపిరి గాని, క్రీడలకు కావలసిన మూలధనమే.

అయినను మూలధనము వేరు, లాభము వేరు. కొండమీద పుట్టినంత మాత్రమున పరుగు వచ్చునని కొందరందురు. ఆఫ్రికా ఖండమున కెన్యా దేశపు పరుగువీరులను దృష్టాంతముగా చూపుదురు. ఆ దృష్టాంతమును కొంచెము నిదానించి పరిశీలింపవలెను. ఆ వీరుల శిక్షణకు పేరుగన్న ఇటెన్ అను ఊరు సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అరకు ఎత్తు దానిలో సగమైనను లేదు. కావున కొండగాలి మహిమ యని చెప్పుకొని తృప్తిపడుటకు వీలులేదు. మరియు ఇటెన్‌కు కీర్తి తెచ్చినది గాలి యొక్కటియే కాదు, ఒక పాఠశాల. అచ్చటి సెయింట్ పాట్రిక్స్ ఉన్నత పాఠశాలకు 1976లో ఐర్లండు దేశము నుండి బ్రదర్ కోమ్ ఓకానెల్ అను ఉపాధ్యాయుడు భూగోళము బోధించుటకై వచ్చెను. పరుగు నేర్పుటలో ఆయనకు ముందుగా శిక్షణ యేమియు లేదు. పిల్లలను గమనించుచు తాను నేర్చుకొని వారికి నేర్పెను. ఆయన శిష్యుడు డేవిడ్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్సులో 800 మీటర్ల దూరమును 1 నిమిషము 40.91 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించెను. ఆ రుడీషా తండ్రి 1968 మెక్సికో ఒలింపిక్సు రిలే పందెములో రజతపతకము పొందిన కెన్యా జట్టులోనివాడు. ఇంటిలో తండ్రియు, బడిలో గురువును, కాలి క్రింద కొండయు కలిసినపుడు ఆ ఫలము కలిగెను.

దీనిని బట్టి ఒక మాట స్థిరపడుచున్నది. గిరిజన విద్యార్థికి బలము కొండ యిచ్చును. కొలత కళాశాల యిచ్చును. తీరిక మాత్రము తల్లిదండ్రులే యీయవలెను. ఈ మూటిలో మూడవది కొరవడినచో మొదటి రెండును నిష్ఫలములగును.

కొలత యనగానేమి? గెడ్డ గట్టున పరుగెత్తు బాలుడు తాను వేగముగా పోవుచున్నానని యెరుగును గాని ఎంత వేగమో యెరుగడు. కళాశాల మైదానమున 400 మీటర్ల గీత గీసి, చేత గడియారము పట్టుకొని వ్యాయామోపాధ్యాయుడు నిలిచినపుడు ఆ వేగము అంకెగా మారును. నిన్నటి అంకె నేటి అంకెతో పోటీపడును. పక్షిని గురిచూచి రాయి విసరు చేతికి 800 గ్రాముల జావెలిన్ ఇచ్చి, గీత దాటరాదు, మొన ముందు నేలను తాకవలెను అని చెప్పినపుడు బలము విద్యగా మారును. స్త్రీల 100 మీటర్ల హర్డిల్స్ పందెములో పది అడ్డంకులుండును. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. రెండింటి నడుమ ఎనిమిదిన్నర మీటర్లు. అందు మూడడుగులే పడవలెను. నాలుగవ అడుగు పడినచో పందెము చేయి జారినట్లే. దుంగలు దాటుట తెలిసిన కొండపిల్లకు ఈ లెక్క తెలియదు. లెక్క తెలిసినవాడు నేర్పినచో ఆమెకు రాని విద్య కాదు.

సహజబలమునకు గూడ శిక్షణ కావలెననుటకు ఉత్తరాంధ్రమే సాక్ష్యము. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు కొండల దాపునగల వీరఘట్టములో జన్మించి, పినతండ్రి సంరక్షణలో విజయనగరములో పెరిగెను. దేహబలము పుట్టుకతో వచ్చినను ఆయన దానితో తృప్తిచెందక, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరములో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. సర్కసు కీర్తియు, విదేశ ప్రదర్శనలును తరువాతి మాట. బలవంతుడు సయితము ముందు విద్యార్థి, పిదప ఉపాధ్యాయుడు అయినాడని గుర్తింపవలెను.

ఆమదాలవలస సమీపమున ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారత మహిళ ఆమెయే. బాలికగా ఆమె బక్కపలుచని దేహమును చూచి శిక్షణకు తగదన్నపుడు తల్లి ధైర్యము చెప్పి ముందుకు నడిపించుట ఆమె జీవితకథలో ప్రసిద్ధమైన ఘట్టము. తండ్రి రైల్వే రక్షకదళములో కానిస్టేబులు. ధనమున్న ఇల్లు కాదు, ధైర్యమున్న ఇల్లు. ఆ బాలికయే 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షురాలుగా నియమింపబడెను. ఆట చదువునకు శత్రువని తలచువారు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను.

కళాశాల క్రీడల విలువ తెలుపుటకు విశాఖపట్టణమున 1999లో జన్మించిన జ్యోతి యర్రాజీ కథ మరింత చేరువైనది. తండ్రి ప్రైవేటు కాపలాదారు. తల్లి ఇండ్లలో పనిచేయుచు, ఆసుపత్రిలో శుభ్రపరచు పనియు చేయుచు సంసారము నడిపెను. పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు పిల్లలోని పొడవును, చురుకును గుర్తించి హర్డిల్స్ పందెమునకు మళ్లించెను. ఆ కుటుంబమునకు ఆమె సంపాదన అవసరమే. అయినను ఆమెను పనికి పంపక శిక్షణకు పంపిరి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము పక్షమున ఆమె అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో పాల్గొనెను.

2020 జనవరిలో కర్ణాటకములోని మూడబిద్రిలో జరిగిన ఆ పోటీలలో ఆమె 13.03 సెకండ్లలో పందెము ముగించెను. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకండ్లు, 2002లో అనురాధ బిశ్వాల్ స్థాపించినది. పాత రికార్డు బద్దలైనట్లే గదా! కాని నిబంధనల ప్రకారము జరుగవలసిన ఉత్ప్రేరక పరీక్షయు, సాంకేతిక పర్యవేక్షణయు ఆ పోటీలలో లేనందున ఆ పరుగు లెక్కలోనికి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడులో మరల 13.09 సెకండ్లలో పరుగెత్తెను. వెనుకగాలి పరిమితికి కొంచెము మించినదని అదియు లెక్కకు రాలేదు. అదే సంవత్సరము మే నెలలో సైప్రస్ దేశమున 13.23 సెకండ్లలో పరుగెత్తినపుడు రికార్డు ఆమెదైనది. రెండుమార్లు చేజారిన దానిని మూడవమారు పట్టుకొనుట దేహబలముతో మాత్రమే జరుగు పని కాదు. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూ నగరమున జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకండ్లలో పందెము ముగించి, కాంస్యపతకముతో పాటు నూతన జాతీయ రికార్డును గడించెను. 2024లో పారిస్ ఒలింపిక్సులో ఈ పందెమున పాల్గొన్న తొలి భారతీయురాలయ్యెను. విద్యార్థుల పోటీయే ఆమెకు ప్రపంచపు మెట్టు అయినదని గమనింపవలెను.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన దీప్తి జీవన్‌జీ కథ తల్లిదండ్రులకు మరియొక పాఠము. బుద్ధివికాసమున కొంత వెనుకబాటుతో పుట్టిన ఆ బిడ్డను చూచి ఇరుగుపొరుగువారు పరిహసించిరి. అనాథాశ్రమమునకు పంపుమని సలహా చెప్పినవారును ఉండిరి. వ్యవసాయకూలీలైన తల్లిదండ్రులు బిడ్డను విడువలేదు. కష్టకాలమున ఉన్న కొద్దిపాటి భూమిని అమ్ముకొనిరి. బిడ్డ పరుగును మాత్రము మాన్పలేదు. 2024 మే నెలలో జపాను దేశమున కోబే నగరములో ఆమె తన విభాగపు 400 మీటర్ల పందెమును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు స్థాపించెను. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము పొందెను. బిడ్డ గెలిచి తెచ్చిన బహుమాన ధనముతో ఆ కుటుంబము పోయిన భూమిని మరల సంపాదించుకొనెను.

అంత దూరము పోనక్కరలేదు. 2025 నవంబరులో శ్రీలంకలోని కొలంబోలో అంధ మహిళల ప్రథమ టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో పాడేరు ప్రాంతపు కొండబిడ్డ పంగి కరుణకుమారి ఉన్నది. అల్లూరి సీతారామరాజు జిల్లా పేరు ఆ విధముగా సముద్రము దాటినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. లక్షమందిలో ఒకరికి దక్కు పతకమును చూపి లక్షమందిని మైదానమునకు పిలుచుట న్యాయమా? ఈ ఆక్షేపణ సరియైనదే. పతకము కొరకే ఆటయైనచో అది లాటరీ చీటి వంటిదగును. కావున పతకములను ప్రక్కనబెట్టి, సామాన్య విద్యార్థి విషయమున ఆట జమాఖర్చు చూడవలెను.

ముందుగా ఖర్చు పద్దు. దానిని దాచినచో లెక్క తప్పును. కాఫీ పండ్ల కోత నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సాగును. వరి, చోడి పంటల పనులును ఆ కాలపు మొదటనే వచ్చును. విశ్వవిద్యాలయపు అంతర కళాశాల పోటీలును, అఖిల భారత పోటీలును సాధారణముగా ఆ శీతకాలముననే జరుగును. పండిన పండు చెట్టున నిలువదు; పందెపు తేదీ మారదు. బలముగల బిడ్డ ఇంటిలో లేని ఆ దినములు కుటుంబమునకు నిజమైన నష్టము. కూలివానిని పెట్టవలెను, లేదా పండు రాలిపోవును. దానికి తోడు బస్సు ఛార్జీ, బూట్లు, అదనపు తిండి. కాలు బెణికినచో వైద్యము. సాయంకాలమున రెండు గంటల చదువు తగ్గుట. ఆడుబిడ్డ యైనచో “ఊరూర తిరుగుచున్నది” అను ఊరివారి మాట. ఇది ఖర్చు. చిన్నది కాదు.

ఇక జమ పద్దు. మొదటిది ఆరోగ్యము. పదునేడేండ్లలోపు పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు చెమటపట్టు వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించెను. ఇంట నున్నపుడు కొండయే ఆ వ్యాయామమిచ్చును. హాస్టలులో చేరి, బల్లముందు కూర్చుండి చదువు పిల్లలకు అది తప్పిపోవును. మైదానమే దానిని తిరిగి యీయవలెను.

రెండవది భాష. ఇచ్చటి పిల్లలలో అనేకులకు ఇంటిభాష తెలుగు కాదు. ఆదివాసీ ఒడియా, కువి, గదబ మొదలగు భాషలలో తల్లి జోలపాట విన్నవారు. కళాశాలలో తెలుగుకు ఇంగ్లీషు తోడగును. తరగతిలో లేచి మాట్లాడుటకు నోరు రాక వెనుక బల్లనే మూడేండ్లు గడుపు విద్యార్థులు కలరు. వారు తెలివితక్కువవారు కారు. మైదానమున ఈ తారతమ్యము లేదు. అచ్చట కాలు మాట్లాడును. విజయనగరము నుండి, అనకాపల్లి నుండి వచ్చినవారితో సమానముగా నిలిచి పరుగెత్తి, ముందుగా గీత దాటినవాడు మరునాడు తరగతిలో ముందు బల్లకు వచ్చును. ఈ లాభము ఏ ధ్రువపత్రములోను వ్రాయబడదు. కాని అన్నిటికంటె పెద్ద జమ ఇదియే.

మూడవది ఓటమిని భరించు శక్తి. పరీక్ష తప్పినంత మాత్రమున ప్రాణము తీసికొను యువకుల వార్తలు పత్రికలలో కనబడుచుండుట అందరికిని తెలిసిన దుఃఖమే. క్రీడాకారుడు ప్రతి మాసము ఓడును. ఓడినవాడు గెలిచినవాని చేయి పట్టుకొనును. మరునాటి ఉదయము మరల బూటు ముడివేయును. ఓటమి యనగా అంతము కాదని బాల్యముననే దేహము నేర్చుకొన్నచో, పెద్దతనమున బుద్ధికి వేరుగ బోధింపనక్కరలేదు.

నాలుగవది జీవనము. పోలీసు కానిస్టేబులు ఎంపికయందును, సైన్యప్రవేశమునందును సుమారు 1,600 మీటర్ల పరుగు గట్టి పరీక్ష. పట్టణపు బాలుడు దానికై మాసములు శ్రమించును. కొండబాలునికి అది సగము చేతిలోని పనియే. వ్యాయామోపాధ్యాయ వృత్తికి బి.పి.ఇడి. చదువున్నది. క్రీడాకారులకు ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేక కోటా గలదు; ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 నాటి క్రీడావిధానములో దానిని నూటికి 2 నుండి 3కు పెంచెను. ఇవి పతకము లేనివానికి గూడ తెరచియుండు తలుపులు. అయితే కోటాకు పోటీల ధ్రువపత్రములు కావలెను. శీతకాలపు పందెమునకు పోనివానికి ఆ కాగితము లేదు.

ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన నుంచినచో తేడా యొకటి కనబడును. ఖర్చు ఈ సంవత్సరమే, ఈ మాసమే, చేతి నుండి పోవును. జమ ఐదారేండ్లకు గాని రాదు. కష్టజీవికి ఈ వ్యవధి భరించుట ఎంత కష్టమో చెప్పవలసిన పనిలేదు. కావుననే తల్లిదండ్రుల సహకారము మెప్పుమాట కాదు, త్యాగము. కావుననే ఆ భారమంతయు వారిమీదనే వేయుటయు న్యాయము కాదు.

మహాభారతము ఆదిపర్వములోని ఏకలవ్యుని కథ ఈ సభలో ఎల్లరకు తెలిసినదే. నిషాదరాజు హిరణ్యధన్వుని కుమారుడు విలువిద్య నేర్వగోరి ద్రోణుని యొద్దకు వచ్చెను. ఆచార్యుడు నిరాకరించెను. బాలుడు అడవికి పోయి, మట్టితో గురుమూర్తిని చేసికొని, తనంతట తాను సాధన చేసి, మొరుగుచున్న కుక్క నోటిని బాణములతో నింపునంతటి నేర్పరి యయ్యెను. తుదకు గురుదక్షిణ పేర కుడిచేతి బొటనవ్రేలు నిచ్చెను. ఈ కథలో బాలుని గురుభక్తిని పండితులు పొగడుదురు. కాని వేరొక విషయమును గూడ ఆలోచింపవలెను. హస్తినలో రాజకుమారుల అస్త్రవిద్యాప్రదర్శనకు రంగస్థలము కట్టిరి. తల్లిదండ్రులు, పురజనులు కూర్చుండి చూచిరి. ఏకలవ్యుని విద్యను చూచుటకు ఎవరున్నారు? ఒక కుక్క, కొన్ని చెట్లు. కొలిచి చెప్పువాడు లేడు; చూచి మెచ్చువాడు లేడు. అతని విద్య వెలుగులోనికి వచ్చిన నాడే దానిని హరించిరి.

1997–98లో కేంద్ర ప్రభుత్వము గిరిజన బాలబాలికల కొరకు ప్రారంభించిన ఆశ్రమ విద్యాలయములకు ఏకలవ్యుని పేరు పెట్టిరి. అవి ఈ మన్యములోను ఉన్నవి. ఆ విద్యాలయముల జాతీయ క్రీడోత్సవము 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జరిగెను. నాడు రంగస్థలము దక్కనివాని పేర నేడు రంగస్థలము వెలయుట సంతోషకరమే. అయితే బొటనవ్రేలు నడుగువారు నేడు లేరా? ఉన్నారు. “ఆట కూడు పెట్టునా” యను మాట అడుగును. చదువు నడుమ ఆడుబిడ్డకు తొందరపడి చేయు పెండ్లి అడుగును. గురువు లేని మైదానము, మైదానము లేని కళాశాల అడుగును. ద్రోణుడొక్కడే అడిగినపుడు ఏకలవ్యుడు ఇచ్చివేసెను. నేడు అడుగువారు పలువురు. ఈయవలదని చెప్పగలవారు తల్లిదండ్రులే.

ఇక కర్తవ్యములు. తల్లిదండ్రులు ధనమీయలేకపోవచ్చును, అది దోషము కాదు. మూడింటిని మాత్రము ఈయగలరు. సంవత్సరమున పందెముల కాలమునకు ముందే బిడ్డతోను, వ్యాయామోపాధ్యాయునితోను కూర్చుండి, ఏ దినములు మైదానమునకు, ఏ దినములు తోటకు అని ఏర్పాటు చేసికొనుట మొదటిది. తిండి రెండవది. దీనికి పట్టణపు డబ్బాలు అక్కరలేదు. చోడి అంబలి, సామలు, రాజ్మా గింజలు, కోడిగ్రుడ్డు, ఋతువునకు దొరకు పండు ఇంటిలోనివే. చోళ్లన్నియు సంతకు పోసి, ఇంటికి పాలిషుబియ్యము తెచ్చుకొను అలవాటును మాత్రము కొంత తగ్గింపవలెను. ఓడివచ్చిన నాడు మౌనముగా అన్నము పెట్టుట మూడవది. గెలిచిన బిడ్డను ఊరంతయు ఎత్తుకొనును. ఓడిన బిడ్డకు తల్లి యొక్కతెయే దిక్కు. సహకారమను పేర ఒత్తిడి చేయుటయు తప్పే. బిడ్డకు ఇష్టములేని ఆటలోనికి ఉద్యోగాశతో నెట్టరాదు.

రక్తపరీక్ష విషయమును ఎంతమాత్రము మరువరాదు. గిరిజన ప్రాంతములలో సికిల్ సెల్ అను వంశపారంపర్య రక్తదోషము ఎక్కువగా కనబడుచున్నది. దాని నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ప్రారంభమై, నలుబదియేండ్లలోపు వారికి పరీక్షలు చేయుచున్నారు. కఠినశిక్షణ ప్రారంభించుటకు ముందు ప్రతి విద్యార్థికిని ఈ పరీక్ష చేయింపవలెను. వ్యాధి యున్నవారు వైద్యుని సలహా లేనిదే పందెములకు దిగరాదు. లక్షణము మాత్రమే కలవారు ఆడవచ్చును గాని తగినంత నీరు త్రాగుచు, నడుమ విశ్రమించుచు, శ్రమను క్రమముగా పెంచుకొనవలెను. ఆడుపిల్లలలో రక్తహీనతయు ఇట్లే ముందుగా చూడవలసినది. అలసిన బిడ్డను “సోమరి” యని తిట్టుటకు ముందు ఒక్క రక్తపుచుక్కను పరీక్షించుట మేలు.

కళాశాలలు చేయవలసిన పని మరియొకటి కలదు. పందెముల ఎంపికలను పంటకోతలకు ముందే ముగించుట వాటి చేతిలోని పని. ఎంపికైన పిల్లల తల్లిదండ్రులను వర్షాకాలముననే పిలిచి, తేదీలు తెలిపినచో వారు బదులుసాయము ఏర్పాటు చేసికొందురు. కొండపల్లెలలో ఒకరి చేను ఒకరు కోసికొను ఆచారము క్రొత్తది కాదు. పందెమునకు పోయిన బిడ్డ ఇంటి కాఫీ తోటలో ఊరివారు ఒక దినము చేయి వేసినచో ఖర్చు పద్దులోని పెద్ద అంకె సగమగును. బిడ్డ పేరు ఊరికి వచ్చునపుడు బిడ్డ బరువు ఊరు పంచుకొనుట ధర్మము. క్రీడోత్సవ దినమున తల్లిదండ్రులకు ఆహ్వానము పంపి, ముందు వరుసలో ఆసనము చూపవలెను. కొండ దిగివచ్చిన తల్లి మైదానపు గోడ బయట నిలిచి చూచు స్థితి కలుగరాదు.

ఈ గ్రంథాలయమునకును ఒక పని గలదు. ఒక బీరువాలో ఆటల నిబంధనల పుస్తకములు, క్రీడాకారుల జీవితచరిత్రలు చేర్చవలెను. ఒక చిట్టా తెరచి, ఈ చుట్టుపట్ల పల్లెల విద్యార్థుల పరుగుకాలములను, విసరిన దూరములను, దుమికిన ఎత్తులను సంవత్సరము వారీగా వ్రాయించవలెను. వ్రాయని దానికి ఊరిలో జ్ఞాపకమున్నను లోకములో ఉనికి లేదు. చదువురాని తండ్రియు ఆ చిట్టాలో బిడ్డ పేరెదుట నిన్నటి అంకెకంటె నేటి అంకె తగ్గినదని ఎవరైనను చదివి వినిపించినచో సంతోషించును. ఆ సంతోషమే మరుసటి శీతకాలమున తీరికగా మారును.

కొండబిడ్డలు బలహీనులు కారు, సోమరులు కారు. వారికి కావలసినది కనికరము కాదు; ఒక గీత, ఒక గడియారము, కొన్ని దినముల తీరిక. మొదటి రెండింటిని కళాశాలయు ప్రభుత్వమును సమకూర్చుగాక. మూడవదానిని ఇచ్చట కూర్చున్న తల్లిదండ్రులు సమకూర్తురుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ చిట్టా నిండి, రెండవ చిట్టా తెరువబడుగాక.